178 మందిలో ఒకరి వెంట

ఏప్రిల్ వచ్చేసరికి ఆర్మూర్ ప్రాంతంలో పసుపు తవ్వకాలు ముగుస్తాయి. ఉడకబెట్టిన కొమ్ము మాత్రం కల్లాల్లో ఇంకా ఆరుతూనే ఉంటుంది. 2019లో సరిగ్గా ఆ రోజుల్లోనే లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. పోలింగ్ ఏప్రిల్ 11న. నిజామాబాద్ స్థానంలో చివరికి పోటీలో మిగిలినవాళ్లు 185 మంది. అందులో 178 మంది స్వతంత్రులు, దాదాపు అందరూ పసుపు, ఎర్రజొన్న పండించే రైతులు. వాళ్లలో ఒకరి ప్రచారం దగ్గరుండి చూడాలని నేను హైదరాబాద్‌లో ఆర్మూర్ బస్సెక్కాను.

కామారెడ్డి, డిచ్‌పల్లి దాటాక 44వ నంబరు జాతీయ రహదారి మామిడిపల్లి చౌరస్తాకు చేరుతుంది. ఆ ఫిబ్రవరిలో రైతులు వచ్చి కూర్చున్నది ఈ రోడ్డు మీదే. పసుపుకు క్వింటాలుకు 15,000 రూపాయలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు మద్దతు ధర కావాలన్నారు. పసుపు బోర్డు కావాలన్నారు. 144వ సెక్షన్ పెట్టారు, ముందు నిలిచినవాళ్లను పోలీసులు పట్టుకెళ్లారు. రోడ్డు మీద కూర్చుంటే లేపేస్తున్నారని తేలాక, ఎవరూ లేపలేని చోటు ఒకటి వెతికారు రైతులు. అది ఓటు యంత్రం.

నేను కలిసిన అభ్యర్థిది వేల్పూర్ మండలం వైపు ఊరు. యాభై దాటిన మనిషి. పేరు రాయొద్దన్నాడు. "నా ఒక్కని పేరు రాస్తే మిగిలినోళ్లు ఏం గావాలె సారూ? పసుపు రైతని రాయున్రి, సాలు." ఆ మాట మీదే ఉన్నాను.

ఆయన ఇంటికి వెళ్తే ముందు కల్లానికే తీసుకుపోయాడు. ఆరబోసిన పసుపు మీద నడవకుండా గట్టు వెంబడి నడిపించాడు. కొమ్ము ఒక పక్క, మండ ఒక పక్క. ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని వేరు చేస్తున్నారు. ఎన్నికల గురించి నేనడగక ముందే ఆయన లెక్క మొదలుపెట్టాడు. తర్వాతి రోజుల్లో మైకులో ఆయన చెప్పిన ప్రసంగం కూడా ఇదే లెక్క అని నాకప్పుడు తెలియదు.

"ఎకరానికి విత్తనమే పది క్వింటాళ్ల దాకా పడతది. జూన్ల పెడ్తం. పశువుల ఎరువు, మందు బస్తాలు, కలుపు కైకిళ్లు. తొమ్మిది నెలలు భూమి ఇంక దేనికీ పనికి రాదు. తవ్వుడు, ఇరుసుడు, ఉడకబెట్టుడు, ఆరబెట్టుడు, డ్రమ్ముల ఏసి పాలిష్ పట్టుడు. లక్ష దాటుతది. పండిందనుకో, ఇరవై క్వింటాళ్లు ఎల్తది. గంజుకు తీస్కపోతే ఐదున్నర వేలు అంటరు. గుణించుకోన్రి మీరే."

గుణించాను. లక్షా పదివేలు. తొమ్మిది నెలలు ఇంటిల్లిపాదీ చేసిన పనికి కూలి ఆ లెక్కలో లేదు.

నిజామాబాద్ మార్కెట్ యార్డును అక్కడివాళ్లు గంజ్ అంటారు. 2016లో దేశంలో ఈ-నామ్ ఆన్‌లైన్ వేలం మొదలైన తొలి మార్కెట్లలో అదొకటి. అయినా ఈ పల్లెల నుంచి పసుపు లారీలు మహారాష్ట్రలోని సాంగ్లీకి పోతూనే ఉన్నాయి. లారీ కిరాయి పెట్టుకుని, రాష్ట్రం దాటి, భాష తెలియని ఊళ్లో రాత్రి సంచుల మీద పడుకుని అమ్ముకురావడం తేలిక కాదు. అక్కడ క్వింటాలుకు వచ్చే ఎక్కువ ధర ఆ కష్టాన్నంతా మరిపిస్తుందంటే ఇక్కడి ధర ఎంత తక్కువో అర్థమవుతుంది. ఇక్కడి రకాల్లో కుర్కుమిన్ శాతం తక్కువని కొనేవాళ్లు అంటారు. దాని మీద పనిచేయడానికి కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనా కేంద్రం ఉంది. కేంద్రం ఉన్నంత మాత్రాన కొత్త విత్తనం ప్రతి చేనుకూ చేరదు కదా.

ఎర్రజొన్నది ఇంకో కథ. తినడానికి కాదు, విత్తనానికి పండిస్తారు. ఉత్తరాదిలో పశువుల మేత కోసం చల్లుకునే విత్తనమది. కొనేది ప్రైవేటు వ్యాపారులు, ధర చెప్పేదీ వాళ్లే. 2008లో బకాయిల కోసం ఆర్మూర్‌లో రైతులు రోడ్డెక్కితే పోలీసు కాల్పుల దాకా పోయింది. 2018లో రాష్ట్ర ప్రభుత్వమే క్వింటాలు 2,300 రూపాయలకు కొన్నది. మరుసటి ఏడు మళ్లీ మొదటికొచ్చింది.

నామినేషన్ల సంగతి అడిగితే ఆయన ముఖంలో వెలుగొచ్చింది. నిజామాబాద్ పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీలకు చాలా పట్టు ఉంటుంది. గుడి కట్టాలన్నా, చెరువు పనికైనా ఊరంతా కూర్చుని తీర్మానం చేస్తుంది. అట్లాగే కూర్చుని ఊరి తరఫున ఎవరు నిలబడాలో తేల్చారు. డిపాజిట్ 25,000 రూపాయలు ఇంటింటికీ వేసుకున్నారు. స్వతంత్రుడికి పది మంది ప్రతిపాదకులు కావాలి. ఓటరు జాబితాలో వాళ్ల భాగం నంబరు, వరుస నంబరు తప్పు పడితే నామినేషన్ పోతుంది. చదువుకున్న పిల్లలు రాత్రిళ్లు కూర్చుని ఆ పత్రాలు నింపారు. కలెక్టరేట్ ముందు వరసలో నిలబడి దాఖలు చేసినవి రెండు వందలు దాటాయి. "ఆరో వంతు ఓట్లు రాకుంటే డిపాజిట్ రాదని మాకు తెల్వదా? తెలిసే కట్టినం. ఆ పైసలు పోయినయ్ అనుకోలే, ఫీజు గట్టినం అనుకున్నం" అన్నాడు.

ఈ దారి తొక్కినవాళ్లు మునుపూ ఉన్నారు. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన ఆ జిల్లాకు కృష్ణా నీళ్లు కావాలని జలసాధన సమితి పిలుపునిస్తే జనం నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది నిలబడ్డారు. వాళ్లూ రైతులే. మొడకురిచ్చి ఉన్నది ఈరోడ్ జిల్లాలో, అదీ పసుపు నేలే. ఆ తర్వాత 500 రూపాయలున్న లోక్‌సభ డిపాజిట్‌ను పదివేలు చేశారు, స్వతంత్రులకు పది మంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. 2010లో డిపాజిట్ పాతికవేలయింది. ఊరికే పోటీ చేసేవాళ్లను ఆపడానికట. ఆర్మూర్ రైతులు ఊరికే పోటీ చేయలేదు గనుక ఆ పాతికవేలు వాళ్లను ఆపలేదు.

మర్నాడు పొద్దున్నే జొన్న గట్క తిని బయలుదేరాం. ఆయన మోటార్‌సైకిల్ మీద నేను వెనక. మా ముందు ఒక ఆటో, దానికి మైకు. ఆ ఎన్నికల్లో ఒక లోక్‌సభ అభ్యర్థి 70 లక్షల రూపాయల దాకా ఖర్చు పెట్టుకోవచ్చని ఎన్నికల సంఘం పరిమితి. ఈయన ఖర్చు ఆటో కిరాయి, పెట్రోలు, కొన్ని కరపత్రాలు. గుర్తు ఆలస్యంగా తెలిసింది గనుక కరపత్రాలూ ఆలస్యంగానే అచ్చయ్యాయి. అన్ని గుర్తులు సర్దడం అధికారులకు కష్టమే అయి ఉంటుంది. కానీ ఏడు శాసనసభ నియోజకవర్గాలు, పదిహేను లక్షల మంది ఓటర్లున్న స్థానంలో కొత్త అభ్యర్థికి గుర్తు చేతికొచ్చాక మిగిలేది పది పన్నెండు రోజులే అయితే అతను ఎవరికని చెప్పుకోగలడు?

మోర్తాడ్ దాటాక ఒక ఊళ్లో రచ్చబండ దగ్గర ఆగాం. ఆయన మైకు తీసుకుని పేరు చెప్పి, గుర్తు చెప్పి, వెంటనే ఎకరా లెక్క మొదలుపెట్టాడు. విత్తనం, ఎరువు, కైకిలి, గంజు ధర. వింటున్న వాళ్లందరికీ తెలిసిన లెక్కే. అయినా ఎవరూ కదల్లేదు. తమ ఇంట్లో రాత్రిపూట గొణుక్కునే అంకెలు మైకులో బయటికి వినిపిస్తుంటే వాళ్ల ముఖాల్లో కనిపించిన శ్రద్ధ నేను పెద్ద సభల్లో చూడలేదు.

అయిపోయాక ఒక ముసలాయన లేచాడు.

"అంత మంచిగనే ఉన్నది తమ్మీ. మా ఊర్ల ముగ్గురు నిలబడ్డరు. నువ్వొచ్చి నీకెయ్యమంటవ్. ఎవలకెయ్యాలె మరి?"

"మీ ఊరోళ్లకే ఎయ్యున్రి పెద్దనాయనా. నాకెయ్యమని రాలే. పసుపు రైతుకెయ్యమని అచ్చిన."

ఓటు అడగడానికి ఊరూరూ తిరుగుతూ, పక్కవాడికి వేయమని చెప్పి ముందుకు పోయే అభ్యర్థిని నేను అంతకు ముందు చూడలేదు. ఆ జవాబు నన్ను కదిలించింది. ఆందోళన కూడా కలిగించింది. ఒక్కరినే నిలబెట్టి అందరూ వెనక ఉంటే ఆ ఓట్లన్నీ ఒకచోట పడేవి కదా అని దారిలో అడిగాను. "ఒక్కడైతే కొంటరు, లేకుంటే బెదిరిస్తరు. వంద మందిని ఏం జేస్తరు?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కాకపోతే, చీలిన ఓటుకు లెక్కింపు రోజున బలం ఉండదన్న దిగులు నన్ను వదల్లేదు.

మెట్‌పల్లి వైపు దిగాక పసుపు ఒక్కటే సంగతి కాదని తెలిసింది. ముత్యంపేటలో చక్కెర ఫ్యాక్టరీ మూతపడి అప్పటికి మూడేళ్లు దాటింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మెదక్ వైపు ముంబోజిపల్లి ఫ్యాక్టరీలు మూడూ ఒకేసారి ఆగిపోయాయి. చెరకు వేసే చేలు వరికి, మక్కకు మారాయి. ప్రతి ఊళ్లో దుబాయికో, మస్కట్‌కో పోయినవాళ్ల ఇళ్లున్నాయి. కొత్తగా వేసిన స్లాబు ఇంట్లో ముసలి తల్లిదండ్రులు మాత్రం ఉంటారు.

ఒక వాడలో ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మేం వచ్చామని చేతులు ఆగలేదు. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, అన్నీ చూడకుండానే సాగిపోతున్నాయి. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని. నెలలో పని దొరికే రోజులు తగ్గిపోయాయన్నారు. పీఎఫ్ ఉన్నవాళ్లకు పింఛను వస్తోంది, లేనివాళ్లకు రాదు. ఒకే వాకిట్లో కూర్చుని ఒకే పని చేస్తున్న అత్తకు వస్తుంది, కోడలికి రాదు. మా అభ్యర్థి పసుపు లెక్క చెప్తుంటే ఒకావిడ ఆపింది.

"అన్నా, మీరు పసుపోళ్లు అందరు గూడి నిలబడ్డరు. మా బీడీలోళ్లు గూడ అట్లనే నిలబడితే అయిపోవు. మాకు పాతికవేలు ఎవలిస్తరు?"

ఆయన కొంచెంసేపు మాట్లాడలేకపోయాడు. తర్వాత మైకు ఆటో డ్రైవరుకిచ్చేసి వాళ్ల పక్కన అరుగు మీద కూర్చుని బీడీల లెక్క అడగడం మొదలుపెట్టాడు. వెయ్యికి ఎంత, ఆకు ఎంత ఇస్తారు, తక్కువ పడితే ఎవరు కొనుక్కోవాలి, సరిగ్గా లేవని తీసేసిన బీడీలకు కూలి ఎవరిస్తారు. మేం అనుకున్న తర్వాతి ఊరు ఆ సాయంత్రం చేరనేలేదు. నా దృష్టిలో ఆ ప్రచారంలో అన్నిటికంటే మంచి పూట అదే. పార్లమెంటుకు పోవాలనుకునే మనిషి చేయాల్సిన మొదటి పని, ఓటరు బతుకు లెక్క ఆమె నోటనే వినడం. ఆయనకది ఎవరూ నేర్పలేదు. తన లెక్క ఎవరూ వినకపోతే ఎట్లా ఉంటుందో తెలిసినవాడు గనుక వచ్చింది.

పెద్ద అభ్యర్థుల వాహనశ్రేణులు దారిలో రెండు మూడుసార్లు ఎదురయ్యాయి. మేం బండి పక్కకు ఆపి దారిచ్చాం. అప్పటి ఎంపీ కల్వకుంట్ల కవిత తాను బోర్డు కోసం పార్లమెంటులో అడిగానని, ప్రధానికి విన్నవించానని, ఇవ్వాల్సింది కేంద్రమని చెబుతున్నారు. ఆ మాటలో నిజం ఉంది. మద్దతు ధరల జాబితా కేంద్రం చేతిలోనిదే, బోర్డూ అంతే. మా అభ్యర్థి దాన్ని కాదనలేదు. "అడిగిన్రు, మేం కాదంటలేం. మేం గూడ అడుగుతున్నం. రోడ్డు మీద అడిగితే జైలుకెందుకు తోలిన్రు?" అన్నాడు. బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ గెలిచిన ఐదు రోజుల్లో బోర్డు తెస్తానని, లేకపోతే రాజీనామా చేస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చారు. ఆ కాగితం ఫొటో ప్రతి యువకుడి ఫోన్‌లోనూ కనబడింది. మైకులో ఎకరా లెక్క విని తలూపిన వాళ్లే ఆ ఫొటో కూడా ఒకరికొకరు చూపించుకుంటున్నారు. గాలి ఎటు మళ్లుతోందో నాకు అక్కడే తెలిసింది.

పోలింగ్ రోజు ఆయన ఊళ్లోనే ఉన్నాను. రైతులు కాగితం బ్యాలెట్ అడిగారు. ఎన్నికల సంఘం ఎం3 యంత్రాలు తెప్పించింది. పాత యంత్రాలకు నాలుగు బ్యాలెట్ యూనిట్లకు మించి తగిలించలేరు, అంటే 64 పేర్లు. కొత్త వాటికి 24 తగిలించవచ్చు. ఒక్కో యూనిట్‌కు 16 మీటలు. 185 మంది అభ్యర్థులు, చివర నోటా, కలిపి 186. అందుకు ప్రతి పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లు పక్కపక్కన పేర్చారు. పోలింగ్ కూడా పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా పెట్టారు. గుర్తింపు పొందిన పార్టీల పేర్లు ముందుంటాయి గనుక అవన్నీ మొదటి యూనిట్‌లోనే. రైతుల పేర్లు అక్కడ మొదలై పన్నెండో దాకా. ఒక అవ్వ బయటికొచ్చి, "మనోని పేరు దేవులాడే వరకు కండ్లు తిరిగినయ్ బిడ్డా" అంది. దొరికిందా అంటే దొరికిందని, మీట నొక్కానని చెప్పింది. అందరికీ దొరికి ఉండదు.

మే 23న ఫలితం వచ్చింది. అర్వింద్ 70,875 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. రైతు అభ్యర్థులకు పడ్డ ఓట్లన్నీ కలిపితే ఆ తేడా కంటే ఎక్కువ. విడివిడిగా ఒక్కరికీ డిపాజిట్ రాలేదు. ఫోన్ చేస్తే మా అభ్యర్థి దిగులు పడలేదు. ముఖ్యమంత్రి కూతురు కవిత నిలబడ్డ స్థానంలో దేశమంతా పసుపు ధర గురించి మాట్లాడింది, అది చాలన్నాడు.

ఐదు రోజులు గడిచాయి, ఏళ్లు గడిచాయి. 2020లో నిజామాబాద్‌కు సుగంధ ద్రవ్యాల బోర్డు ప్రాంతీయ కార్యాలయమన్నారు, అది పసుపు బోర్డు కన్నా మేలన్నారు. రైతులు ఒప్పుకోలేదు. 2023లో కొన్ని ఊళ్ల మొదట్లో పసుపు రంగు బోర్డులు పాతి, మా ఎంపీ తెచ్చిన పసుపు బోర్డు ఇదేనని రాశారు. ఆ అక్టోబర్ 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని జాతీయ పసుపు బోర్డు ప్రకటించారు. 2025 సంక్రాంతి నాడు బోర్డు మొదలైంది, జూన్ 29న నిజామాబాద్‌లో దాని కేంద్ర కార్యాలయాన్ని అమిత్ షా ప్రారంభించారు. రోడ్డు మీద కూర్చున్నవాళ్లూ, పాతికవేలు పోగుచేసిన ఊళ్లూ లేకపోతే ఈ కార్యాలయం ఇక్కడికి వచ్చేది కాదని నేను నమ్ముతున్నాను. ఆ ఘనత ఏ ఒక్క నాయకుడిదో అంటే ఒప్పుకోను.

కానీ వాళ్లు అడిగినవి రెండు. బోర్డు వచ్చింది, ధరకు హామీ రాలేదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 23 పంటల్లో ఇప్పటికీ పసుపు లేదు. 2030 నాటికి ఎగుమతులు వంద కోట్ల డాలర్లకు చేర్చాలని బోర్డు లక్ష్యం. మంచిదే, పరిశోధన, నాణ్యత, ఎగుమతి అన్నీ కావాలి. 2024లో గంజులో ధర 15,000 దాటినప్పుడు అందరూ సంతోషించారు. పంట తగ్గి పెరిగిన ధర అది. మరుసటి ఏడు మళ్లీ దిగింది. దిగినప్పుడు ఆపే చెయ్యి ఏదీ లేదు.

బోర్డు కార్యాలయం తెరిచాక ఆయన్ను కలిశాను. పసుపు కొంత తగ్గించి మక్క వేశాడు. జూన్‌లో విత్తనం పెట్టకముందే ఇంతకు తగ్గకుండా కొంటామని బోర్డు చెప్పాలని పక్క ఊళ్ల వాళ్లతో కలిసి అడగబోతున్నానన్నాడు. చెప్పకపోతే మళ్లీ నిలబడతారా అన్నాను.

"ఊరు కూసొని తీర్మానం జేస్తే ఎందుకు నిలబడ? అయితే ఈసారి 178 మంది సాలరు సారూ. 24 మిషన్లు పెడ్తే 384 పేర్లు పడ్తయట. అది దాటాలె. దాటితే కాగితం మీదనే పెట్టాలె ఎన్నిక."